రెండు పీఠముల కాపరి: సైప్రస్ ఆర్చిబిషప్ మకారియోస్



మన సంఘములలో బిషప్పుగారిని అధ్యక్షులవారు అని పిలుచుట అలవాటు. దేశమును ఏలే ప్రెసిడెంటును కూడ వార్తాపత్రికలు అధ్యక్షుడు అనే వ్రాస్తాయి. మాట ఒక్కటే, పదవులు రెండు. ఆ రెండు పదవులను ఒకే మనిషి ఒకే కాలమందు మోయుట ఆధునిక క్రైస్తవ చరిత్రలో బహు అరుదు. సైప్రస్ ద్వీపపు ఆర్చిబిషప్ మూడవ మకారియోస్ ఆ భారమును 1960 నుండి 1977లో మరణించువరకు మోశారు. శతవత్సర పండుగలో మన స్వంత అధ్యక్షులను, గురువులను, ఉపదేశులను స్మరించుకొనే ఈ సంచికలో పరదేశపు బిషప్పు చరిత్ర ఎందుకని కొందరు అడుగవచ్చు. తన మందను ప్రేమించే కాపరి తన మందలో లేనివారికి ఏమి కావలెను? ఆయన జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆ ప్రశ్న మనకు పరదేశపుది కాదు.

బర్నబా పుట్టిన ద్వీపము

సైప్రస్ అంటే మనలో కొందరికి తెలియకపోవచ్చును గాని, కుప్ర అంటే ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలుసు. బర్నబా పుట్టినది అక్కడనే. పౌలును వెంటబెట్టుకొని ఆయన మొదటి సువార్త యాత్రకు బయలుదేరినప్పుడు సలమిలో దిగి, ద్వీపమంతట సంచరించి, పాఫులో అధిపతియైన సెర్గి పౌలు ఎదుట నిలిచిన సంగతి అపొస్తలుల కార్యముల 13వ అధ్యాయములో చదువుతున్నాము. మధ్యధరా సముద్రపు తూర్పు భాగమున ఉన్న ఈ ద్వీపము మన పాత కృష్ణా జిల్లా కంటె కొంచెమే పెద్దది. ఉత్తరమున టర్కీ తీరము సుమారు 70 కిలోమీటర్ల దూరములోనే ఉన్నది. గ్రీసు దేశము మాత్రము పడమట వందలాది కిలోమీటర్ల అవతల ఉన్నది.

అక్కడి సంఘము అతి పురాతనమైనది. 431లో జరిగిన ఎఫెసు మహాసభ, ఏ ఇతర పేట్రియార్కు క్రిందను లేక తన్ను తానే నడుపుకొనే హక్కును ఆ సంఘమునకు స్థిరపరచినది. అయిదవ శతాబ్దము చివర బర్నబా సమాధి దొరికినదని, అందుకు సంతోషించి జెనో చక్రవర్తి ఆర్చిబిషప్పుకు రాజదండమును, ఊదారంగు అంగీని, ఎర్రసిరాతో సంతకము చేసే హక్కును ఇచ్చెనని సంప్రదాయము. నేటికిని అక్కడి ఆర్చిబిషప్పులు ఎర్రసిరాతోనే సంతకము చేస్తారు.

1571 నాటికి ఆ ద్వీపము ఆటోమన్ టర్కుల వశమైనది. టర్కీ జాతి ముస్లిములు వచ్చి స్థిరపడినారు. సుల్తానుల ప్రభుత్వము గ్రీకు క్రైస్తవులకు వారి ఆర్చిబిషప్పునే జాతి పెద్దగా ఎంచి, ఆయన ద్వారానే పన్నులు వసూలు చేసుకొనేది. జాతికి మాట పడినప్పుడు పడవలసినవాడు కూడ ఆయనే. గ్రీసులో తిరుగుబాటు లేచిన 1821లో ఆర్చిబిషప్ కిప్రియానోస్‌ను నికోసియా పట్టణములో ఉరితీశారు. అప్పటినుండి సంఘమునకు నాయకుడైనవాడే జాతికి నాయకుడు అనే తలంపు గ్రీకుల ఎముకలలోనికి ఇంకిపోయినది. 1878లో ద్వీపపు పరిపాలన ఆంగ్లేయుల చేతికి వచ్చినది. 1925లో అది వారి కిరీటపు వలస రాజ్యమైనది. ప్రభువులు మారినా, ప్రజల దృష్టిలో ఆర్చిబిషప్పు స్థానము మారలేదు.

గొల్లవాని కుమారుడు

మకారియోస్ 1913 ఆగస్టు 13న పాఫు ప్రాంతపు కొండలలో, పనయియా అనే గ్రామములో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మిఖాయేల్. తండ్రి గొర్రెలు కాచుకొనే బీదవాడు. చిన్నతనమందే తల్లి మరణించినది. పదమూడవ ఏట ఆ బాలుడు సమీపపు కొండలలోని కిక్కోస్ మఠములో చేరినాడు. చదువులో చురుకు చూచి మఠమువారే నికోసియాలోని పెద్ద పాఠశాలకు పంపించారు. 1938లో డీకనుగా అభిషేకము పొందినప్పుడు మకారియోస్ అనే పేరు వచ్చినది. గ్రీకు భాషలో ధన్యుడని దాని అర్థము.

ఏథెన్సు విశ్వవిద్యాలయములో దైవశాస్త్రము చదువుచుండగా రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి జర్మను సేనలు గ్రీసును ఆక్రమించినవి. ఆకలితో జనులు వీధులలో రాలిపోయిన ఆ దినములను ఆయన కన్నులార చూచారు. 1946లో గురువుగా అభిషిక్తులై, ప్రపంచ సంఘముల సమాఖ్య ఇచ్చిన ఉపకార వేతనముతో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళారు. మెథడిస్టు సహోదరులు స్థాపించిన విద్యాలయము అది. చదువు ముగియకముందే, 1948లో, కీటియోన్ మండల ప్రజలు తమకు బిషప్పుగా ఆయనను ఎన్నుకొన్నారు. పుస్తకములు మూసి స్వదేశమునకు రావలసి వచ్చినది.

ఆ కాలపు గ్రీకు సైప్రస్‌వారి హృదయవాంఛ ఒక్కటే: ఆంగ్లేయుల పాలన పోయి తమ ద్వీపము గ్రీసుతో కలియవలెను. దానిని ఎనోసిస్ అనేవారు. 1950 జనవరిలో సంఘము దేవాలయములలోనే ప్రజాభిప్రాయ సేకరణ జరిపించినది. ఓటు హక్కుగల గ్రీకులలో నూటికి 95 మందికి పైగా ఎనోసిస్‌కు సంతకము చేశారు. ఆ పనిలో ముందున్నవారు యౌవనుడైన బిషప్ మకారియోస్. అదే సంవత్సరము అక్టోబరులో, 37 ఏండ్ల ప్రాయములో, ఆయన ఆర్చిబిషప్పుగా ఎన్నికయ్యారు.

లెక్కలో రానివారు

ఇక్కడ మనము కొంచెము నిలిచి ఆలోచించవలెను. నూటికి 95 అనే లెక్క నిజమే. అయితే అది గ్రీకులలోని లెక్క. ద్వీపపు జనాభాలో గ్రీకులు నూటికి సుమారు 78 మంది కాగా టర్కులు సుమారు 18 మంది. వారి పుస్తకము ఆ దేవాలయపు బల్లమీద లేదు. ఎనోసిస్ అనే మాట గ్రీకు చెవికి ఇంటికి చేరినట్టు వినబడితే, టర్కు చెవికి ఇల్లు విడువుమన్నట్టు వినబడినది. క్రేతు ద్వీపము 1913లో గ్రీసుతో కలిసిన తరువాత పదేండ్లకే అక్కడి ముస్లిములు ఊళ్ళు విడిచి వెళ్ళవలసివచ్చిన సంగతి వారు మరువలేదు. గ్రీసు మీ తల్లి అయితే మా తల్లి టర్కీ అని వారు తలంచారు. కాలక్రమమున ద్వీపమును రెండుగా చీల్చవలెనని కోరసాగారు. వారి భాషలో దానిని తక్సీమ్ అన్నారు.

1954లో ఆంగ్ల మంత్రి ఒకరు పార్లమెంటులో మాట్లాడుచు, కొన్ని ప్రదేశములకు పూర్తి స్వాతంత్ర్యము ఎన్నటికిని రాజాలదు అను భావము వెలిబుచ్చారు. శాంతియుతమైన తలుపు మూసినట్లయినది. 1955 ఏప్రిల్ 1న కర్నల్ గ్రీవాస్ నాయకత్వమున ఎయోకా అనే రహస్య దళము బాంబులతో పోరాటము ఆరంభించినది. ఇది ఆర్చిబిషప్పుకు తెలిసి, ఆయన సమ్మతితో జరిగినదే. ఆస్తులకు నష్టము కలిగించుటతో ఆపవలెనని ఆయన తలంచారు. కాని తుపాకి చేతికిచ్చిన తరువాత గురి ఎంతవరకో ఇచ్చినవాడు నిర్ణయించలేడు. ఆంగ్ల సైనికులు, పోలీసులు, ద్రోహులని అనుమానింపబడిన గ్రీకులు కూడ హతమయ్యారు. గ్రీకులు పోలీసు కొలువు మానగా ప్రభుత్వము టర్కులను చేర్చుకొన్నది. చచ్చిన పోలీసు టర్కు అయినప్పుడల్లా రెండు జాతుల మధ్య మరియొక గోడ లేచినది.

1956 మార్చి 9న ఆంగ్లేయులు మకారియోస్‌ను పట్టుకొని, మరి ముగ్గురితో కూడ, హిందూ మహాసముద్రములోని సేషెల్సు దీవులకు పంపివేశారు. అక్కడ సుమారు 13 నెలలు బందీగా ఉన్నారు. 1957 వసంతములో విడుదలైనను స్వదేశములో అడుగుపెట్టనియ్యక, ఏథెన్సులో ఉండనిచ్చారు. ఈ కాలములో మన దేశము పోషించిన పాత్రను కూడ చెప్పవలెను. 1957 ఫిబ్రవరిలో ఐక్యరాజ్య సమితిలో సైప్రస్ సమస్యకు శాంతియుతమైన, న్యాయమైన పరిష్కారము వెదకవలెనని కోరిన తీర్మానమును ప్రవేశపెట్టినది భారతదేశమే. సైప్రస్ గ్రీసుదో టర్కీదో కాదు, సైప్రస్ ప్రజలది అని మన ప్రతినిధి వి. కె. కృష్ణ మీనన్ వాదించారు. గ్రీకులకు ఆ మాట అప్పట్లో రుచించలేదు.

లండనులో ఒక రాత్రి

1958 సెప్టెంబరు నాటికి మకారియోస్ మనస్సు మారినది. ఎనోసిస్ కొరకే పట్టుబట్టితే ద్వీపము చీలిపోవునని గ్రహించి, గ్రీసులో కలియని స్వతంత్ర దేశమునకు తాను ఒప్పుకొందునని బార్బరా కాసిల్ అనే ఆంగ్ల పార్లమెంటు సభ్యురాలికి తెలియజేశారు. తన జాతి అంతయు ప్రమాణము చేసిన కోరికను విడిచిపెట్టుట ఆయనకు సులువైన సంగతి కాదు.

1959 ఫిబ్రవరిలో గ్రీసు, టర్కీ ప్రధానులు జూరిచ్‌లో కూర్చుండి ఒప్పందము వ్రాసుకొన్నారు. తరువాత లండనులో దానిని మకారియోస్ ఎదుట పెట్టారు. ఆయన కొన్ని అంశములకు అభ్యంతరము చెప్పారు. ఒప్పుకొనవలెను లేదా విడువవలెను అన్నారు. ఆ రాత్రి ఆయన గడువు అడిగారు. ఫిబ్రవరి 19 ఉదయమున సమ్మతి తెలిపి సంతకము చేశారు. మార్చి 1న నికోసియాకు తిరిగి వచ్చినప్పుడు జనసముద్రము ఎదురు వచ్చినది. డిసెంబరులో ప్రెసిడెంటుగా ఎన్నికయ్యారు. 1960 ఆగస్టు 16న సైప్రస్ స్వతంత్ర దేశమైనది.

ఆ రాజ్యాంగము ప్రతిదానిని పాళ్ళు వేసినది. ప్రెసిడెంటు గ్రీకు, ఉపాధ్యక్షుడు టర్కు. ఇద్దరికిని వీటో అధికారము. మంత్రులు ఏడుగురు, ముగ్గురు. శాసనసభ్యులు 35, 15. ప్రభుత్వోద్యోగములు నూటికి 70, 30. ప్రెసిడెంటును గ్రీకులే ఎన్నుకొంటారు, ఉపాధ్యక్షుని టర్కులే ఎన్నుకొంటారు. ఉపాధ్యక్షులైన డాక్టరు ఫాజిల్ కుచుక్‌కు ఒక్క గ్రీకు ఓటు అక్కరలేదు. మకారియోస్‌కు ఒక్క టర్కు ఓటు అక్కరలేదు. ఆంగ్లేయులు, గ్రీసు, టర్కీ హామీదారులుగా నిలిచినవి. ఆంగ్లేయులు 99 చదరపు మైళ్ళ సైనిక స్థావరములను తమకే ఉంచుకొన్నారు. ఇల్లు కట్టినవారు ముగ్గురును ఇంటి బయటివారే. లోపల కాపురముండవలసినవారిలో దాని మీద ప్రేమగలవారు కొద్దిమంది.

ఆకుపచ్చ గీత

1963 నవంబరు 30న మకారియోస్ రాజ్యాంగమునకు 13 సవరణలు ప్రతిపాదించారు. వీటోలు తీసివేయవలెనని, ఉద్యోగములు జనాభాను బట్టి ఉండవలెనని వాటి సారాంశము. పరిపాలన సాగుటలేదన్న ఆయన మాటలో నిజమున్నది. అయితే టర్కులకు రక్షణగా ఇచ్చినవి అవే. కాగితమునుండి వాటిని తుడిచివేయుమని మూడేండ్లకే అడుగుట వారికి భయము పుట్టించినది. డిసెంబరు 21న నికోసియాలో కాల్పులు మొదలైనవి. క్రిస్మసు దినములలో రక్తము పారినది. డిసెంబరు 30న ఆంగ్ల సేనాధిపతి ఒకరు పటము మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీసి నికోసియా పట్టణమును రెండు చేశారు. సుమారు 25 వేల మంది టర్కులు ఊళ్ళు విడిచి, తమవారు గుంపుగా ఉన్న చోట్లకు చేరారు. కొన్ని ఏండ్లపాటు అక్కడికి సిమెంటు, ఇనుము మొదలైనవి పోకుండ మకారియోస్ ప్రభుత్వము ఆంక్షలు పెట్టినది. కాపరి జీవితములో ఇది బాధాకరమైన అధ్యాయము. మనము దాచకూడదు.

1964 మార్చిలో ఐక్యరాజ్య సమితి శాంతిసేనను పంపినది. దాని మొదటి సేనాధిపతి మన దేశపు లెఫ్టినెంట్ జనరల్ జ్ఞాని. తరువాత వచ్చిన జనరల్ తిమ్మయ్యగారు 1965 డిసెంబరులో ఆ ద్వీపములోనే విధి నిర్వహణలో మరణించారు. 1974 యుద్ధకాలమున సేనాధిపతిగా ఉన్నవారు కూడ భారతీయుడే, మేజర్ జనరల్ ప్రేమ్‌చంద్. ఢిల్లీ నగరములో మకారియోస్ పేరుగల రోడ్డు నేటికిని ఉన్నది.

1968 ఆరంభములో మకారియోస్ బహిరంగముగా ఒక సత్యము ఒప్పుకొన్నారు: కోరదగినది వేరు, సాధ్యమైనది వేరు. ఆంక్షలు తీసివేశారు. గ్రీకుల తరపున క్లెరిడిస్, టర్కుల తరపున డెంక్తాష్ సంభాషణలు మొదలుపెట్టారు. ఆ సంవత్సరపు ఎన్నికలలో నూటికి 95 వంతులు ఓట్లు ఆయనకే వచ్చినవి.

స్వంతవారి చేతి దెబ్బలు

టర్కులతో రాజీపడుచున్నాడని కోపించినవారు ఇప్పుడు ఆయన స్వంత మందలోనే లేచారు. 1970 మార్చి 8న ఒక ఆరాధనకు వెళ్ళుటకై ఆయన ఎక్కిన హెలికాప్టరు మీద కాల్పులు జరిగినవి. కాల్చినది తాను బాలుడుగా చదువుకొన్న పాఠశాల మేడమీదనుండి. పైలట్ తీవ్రముగా గాయపడియు దానిని క్రిందికి దించగలిగాడు. మకారియోస్ గాయపడలేదు. పైలట్‌ను ఆసుపత్రికి చేర్పించి, తరువాత కారులో బయలుదేరి ఆరాధన జరిపించి వచ్చారు.

1972లో ఆయన క్రింది బిషప్పులు ముగ్గురు, కాపరి రాజ్యాధికారము చేయకూడదు గనుక ప్రెసిడెంటు పదవి విడువవలెనని కోరారు. 1973 మార్చిలో ఆయనను ఆర్చిబిషప్పు పదవినుండి తొలగించినట్లు ప్రకటించారు. జూలైలో అలెక్సంద్రియ, అంతియొకయ పేట్రియార్కులు కూడిన మహాసభ ఆ తీర్మానమును కొట్టివేసి, ఆ ముగ్గురినే తొలగించినది. వారడిగిన ప్రశ్న వేదశాస్త్ర దృష్టితో చూస్తే మంచిదే. దానిని వారు ఎత్తుకొన్న కారణము మాత్రము ఎనోసిస్ పక్షపాతము. మంచి ప్రశ్నను చెడ్డ సమయమున కక్షతో అడిగితే దానికి జవాబు దొరకదు.

1974 జూలై 15న గ్రీసులోని సైనిక ప్రభుత్వపు ప్రేరణతో, సైప్రస్ సైన్యములోని గ్రీకు అధికారులు ప్రెసిడెంటు భవనము మీద ఫిరంగులు పేల్చారు. ఆ సమయమున ఆయన కైరోనుండి వచ్చిన గ్రీకు బడిపిల్లలతో మాట్లాడుచున్నారు. వెనుక తలుపునుండి తప్పించుకొని, బాల్యమున తన్ను పెంచిన కిక్కోస్ మఠము మీదుగా పాఫుకు చేరారు. నికోసియా రేడియో ఆయన చనిపోయెనని ప్రకటించినది. పాఫులోని చిన్న రేడియోలో ఆయన గొంతు వినబడినప్పుడు జనులు అది నమ్మలేకపోయారు. అయిదు దినములకు, హామీదారు హక్కు అనే పేరుతో, టర్కీ సేనలు దిగినవి. ఆగస్టు 16 నాటికి ద్వీపములో మూడవ వంతుకు పైగా టర్కీ వశమైనది. లక్షన్నరకు మించిన గ్రీకులు దక్షిణమునకు, సుమారు 45 వేలమంది టర్కులు ఉత్తరమునకు ఇల్లు వాకిళ్ళు విడిచి వెళ్ళవలసివచ్చినది. తల్లియని గ్రీకులు పిలిచిన దేశమే పిల్లలకు ఈ గతి తెచ్చినది.

డిసెంబరు 7న మకారియోస్ తిరిగి వచ్చారు. 1977 ఫిబ్రవరి 12న డెంక్తాష్‌తో కూర్చుండి, రెండు జాతులు కలిసిన సమాఖ్య దేశముగా ఉండుటకు నాలుగు సూత్రములు అంగీకరించారు. ఇరవై ఏండ్ల క్రిందట చేయవలసిన పని అని ఆయనకు తోచియుండవచ్చు. అది నెరవేరుట చూడకుండనే ఆగస్టు 3న గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 64 ఏండ్లు నిండలేదు. కిక్కోస్ మఠమునకు పైగా, గొర్రెలు కాచిన తన తండ్రి కొండలకు సమీపమున, తానే ఎంచుకొన్న శిఖరము మీద పాతిపెట్టారు. ఆయన తరువాత ఆ దేశములో రెండు పీఠములు మరల ఒకరికి ఇవ్వలేదు.

మనకు మిగిలిన మాట

ఆ ద్వీపము ఇంకను రెండుగానే ఉన్నది. 1983లో ఉత్తర భాగమువారు ప్రత్యేక దేశమని ప్రకటించుకొన్నారు; టర్కీ తప్ప మరెవరును దానిని గుర్తించలేదు. 2003లో సరిహద్దు దాటుటకు దారులు తెరిచారు. 2004లో ఐక్యత కొరకు పెట్టిన ఓటులో టర్కులు నూటికి 65 మంది ఒప్పుకొన్నారు, గ్రీకులు నూటికి 76 మంది వద్దన్నారు. అయినను కనబడకుండ పోయినవారి ఎముకలను వెదకి బంధువులకు అప్పగించే పనిని రెండు జాతులవారును కలిసి చేస్తున్నారు.

నేను గురుత్వములోనికి వచ్చిన తొలి దినములలో ఒక గ్రామ సంఘములో క్రొత్త దేవాలయపు స్థలమును గూర్చి రెండు పేటలకు వివాదము వచ్చినది. నేను ఓటు పెట్టించాను. పెద్ద పేట గెలిచినది. లెక్క సరిగానే ఉన్నది గనుక నా పని అయినదనుకొన్నాను. ఓడిన చిన్న పేట ఇంటింటికి వెళ్ళి నేను కూర్చుండలేదు, వారి భయమేమిటో అడుగలేదు. ఏడాది తిరుగక ముందే వారు తాటాకు పందిరి వేసికొని వేరుగా ప్రార్థించసాగారు. నేను బదిలీ అయి వచ్చి చాల కాలమైనది. ఆ పందిరి ఇప్పుడు రేకుల షెడ్డు అయినది. మకారియోస్ చరిత్ర చదివినప్పుడెల్ల నాకు ఆ పందిరి కనబడుతుంది.

ఆయనను తీర్పు తీర్చుటకు నేను ఈ చరిత్ర వ్రాయలేదు. బహు ధైర్యశాలి, ప్రాణభయము లేనివాడు, తన జాతి ప్రేమను పొందినవాడు. తన మందకు మంచి కాపరి. గొఱ్ఱెల దొడ్డికి అవతల కూడ మనుష్యులున్నారని ఆయన గ్రహించినది నిజము, ఆలస్యముగా గ్రహించినదియు నిజము. గ్రహించినందుకు ఆయనను కొట్టినవారు స్వంతవారే. రాబోవు నూరేండ్లలో మన అధ్యక్ష మండలములో ఎన్నో ఎన్నికలు జరుగును, ఎన్నో తీర్మానములు నెగ్గును. నెగ్గిన ప్రతి సాయంకాలమున మన గురువులు, పెద్దలు ఓడినవారి గడప త్రొక్కునట్లు దేవుడు వారికి కృప ననుగ్రహించును గాక. ఆమేన్.